నేలమాటున దాగిన పగుళ్లు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో, మేడారమునకు సమీపమున గల యరణ్యప్రాంతమున, భూమి కంపించినది. ఆ కంపము యొక్క పరిమాణము 5.3గా లెక్కింపబడినది. వరంగల్లు, ఖమ్మము మొదలుకొని హైదరాబాదు, విజయవాడల వరకును జనులు దానిని గుర్తించిరి. పెక్కుచోట్ల ఇండ్లు విడిచి వీధులలోనికి వచ్చిరి. ప్రాణనష్టము కలుగకపోవుట మన యదృష్టము. రెండు దినములు ఎక్కడ జూచినను ఇదియే ప్రసంగము. మూడవనాటికి ఎవరి పనులలో వారు మునిగిరి. ఈ మఱపే మా విచారమునకు కారణము. ఇల్లు కట్టదలచిన గృహస్థుడు తన స్థలము క్రింద భూమి ఎట్లున్నదో తెలిసికొనగోరి మండల కచేరీకి పోయినచో, సర్వే నంబరును చూపు పటము దొరకును. చెఱువు శిఖమును చూపు పటము దొరకును. నేల క్రింది పగులును చూపు పటము మాత్రము దొరకదు. ఈ లోపము ఏల తీర్పవలెనో, ఎట్లు తీర్పవచ్చునో పాఠకులకు విన్నవించుట మా యుద్దేశము.

గోదావరిలోయకు భూకంపము క్రొత్త చుట్టము కాదు. 1969వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతమున 5.7 పరిమాణము గల కంపము కలిగినది. అంతకు రెండేండ్లకు పూర్వము, 1967 మార్చి 27వ తేదీన, ఒంగోలు ప్రాంతము కంపించినది. దక్షిణాపథము కదలని బండయనియు, భూకంపములు హిమాలయముల వారికే గాని మనకు గావనియు పలువురు నమ్మియున్నారు. ఆ నమ్మకము సగము మాత్రమే నిజము. మన కఠినశిలాభూమి పురాతనమైనది, బలమైనది. అయినను అందు గోదావరిలోయ యొక పెద్ద యతుకువంటిది. సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వమే ఇచ్చట భూమి వాయవ్యమునుండి ఆగ్నేయమునకు చీలి, రెండు వైపుల శిలలు నిలిచియుండగా నడుమభాగము క్రుంగినది. క్రుంగిన చోట నదులు ఇసుకను, బంకమట్టిని, అడవుల కుళ్లును తెచ్చి పోసినవి. అవి గట్టిపడి కొన్ని కిలోమీటర్ల మందమున శిలలైనవి. ఆ యడవుల కుళ్లే నేటి సింగరేణి బొగ్గు. 1871లో భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగు ఇల్లెందు ప్రాంతమున కనుగొన్నది ఈ సంపదనే. అనగా మన యిండ్లలో దీపములు వెలిగించు బొగ్గును, మన నేలను కదల్చు పగుళ్లను ఒకే లోయ తన గర్భమున దాచుకొనియున్నది.

శాస్త్రజ్ఞులు ఇట్టి పగులును భ్రంశమందురు. శిలలు తెగి, ఒక ప్రక్క భాగము దిగియో, లేచియో, ప్రక్కకు జరిగియో యున్నచో అది భ్రంశము. కొండప్రాంతమున భ్రంశము కంటికి కనబడును. రాతిచఱియ తెగి నిలిచియుండును. లోయలో నట్లు గాదు. ఏటేట వచ్చు వరద ఒండ్రును పఱచి, పగులును కప్పివేయును. రైతు దానిపై దున్ని, గట్టువేసి, చదును చేయును. వేయేండ్ల కొకమాఱు కదలు భ్రంశము యొక్క గుర్తును నది నూఱేండ్లలో చెరిపివేయగలదు. కావుననే, చదునైన భూమి నిరపాయమైన భూమి యని తలచుట పొరపాటు. అంతియే గాదు. పగులును దాచు ఆ ఒండ్రే కంపమును హెచ్చించును కూడ. 2001 జనవరి 26వ తేదీన కచ్ఛ భూకంపము సంభవించినప్పుడు, అచ్చటికి రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, సబర్మతి ఒండ్రుపై నున్న అహమ్మదాబాదులో అంతస్తుల భవనములు కూలుట పాఠకులకు జ్ఞాపకముండును.

కనబడనిది లేదని యెంచుటవలన కలుగు నష్టమునకు మన పొరుగుననే కఠోరమైన నిదర్శన మున్నది. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించి, దాదాపు పదివేలమంది నిద్రలోనే మరణించిరి. నాటి భూకంపప్రమాద విభాగ పటమున కిల్లారి మొదటి విభాగమున, అనగా అన్నింటికంటె తక్కువ ప్రమాదము గల ప్రదేశముగా, చూపబడియున్నది! ఆ పటమును గీచినవారు పూర్వము ఎచ్చట కంపము కలిగెనో ప్రధానముగా దానినే లెక్కించిరి. భూమి లోపల ఏమున్నదో చూడలేదు. అచ్చట నేలను కప్పియున్నది ఒండ్రు గాదు, లావా గడ్డకట్టిన నల్లరాయి. విపత్తు జరిగిన పిమ్మట బోరు దింపి చూడగా సుమారు 340 మీటర్ల నల్లరాతి పొర దాటిన తరువాత గాని అడుగుశిల దొరకలేదు. 2002లో పటము సవరింపబడి, మొదటి విభాగమే తొలగింపబడినది. గోదావరిలోయ మూడవ విభాగమున చేరినది. సంతోషమే. కాని, వేల చదరపు కిలోమీటర్లకు ఒకే రంగు పూసిన పటము, ఏ వీధి క్రింద పగులున్నదో చెప్పజాలదు. అది జాగ్రత్త పడుమనునే గాని, ఎచ్చట జాగ్రత్త పడవలెనో చెప్పదు.

ఒండ్రు మనుష్యుని ఎంతగా మోసపుచ్చగలదో 1934 జనవరి 15వ తేదీన సంభవించిన బీహారు భూకంపము చాటినది. సీతామఢీ, మధుబని మొదలగు ప్రాంతములలో సుమారు 300 కిలోమీటర్ల పొడవున నేల బురదవలె జారి, ఇండ్లు క్రుంగినవి. ఇసుకయు నీరును పైకి చిమ్మినవి. భూకంపమునకు పుట్టినచోటు ఆ మైదానమే యని బహుకాలము తలచిరి. తరువాతి లెక్కలు దానిని తూర్పు నేపాళమునకు తరలించినవి. నాడు చీలిన భ్రంశము నేలపై మిగిల్చిన గుర్తు అచ్చట కనుగొనబడినట్లు 2013లో ప్రకటింపబడినది. ఎనుబది యేండ్ల పాటు గాయ మొకచోట, దెబ్బ తగిలినది మఱొకచోట!

న్యూజీలాండు వృత్తాంతము మఱింత బోధకరము. కాంటర్‌బరీ మైదానము గులకరాళ్లతో నిండిన చదునైన వ్యవసాయభూమి. 2010 సెప్టెంబరు 4వ తేదీన అచ్చట 7.1 పరిమాణము గల కంపము కలిగి, పచ్చికబయళ్ల నడుమ సుమారు 30 కిలోమీటర్ల పొడవున నేల చీలి, కంచెలును బాటలును ప్రక్కకు జరిగినవి. ఆ భ్రంశమున్నట్లు అంతకు పూర్వమెవ్వరును ఎఱుగరు. 2011 ఫిబ్రవరి 22వ తేదీన నగరమునకు మఱింత చేరువనున్న వేఱొక గుప్తభ్రంశము కదలి, క్రైస్టుచర్చిలో 185 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆపై ప్రభుత్వమువారును, విశ్వవిద్యాలయములవారును పరికరములతో మైదానమును శోధించిరి. విద్యావంతమైన ఆ దేశమే ముందు చూడక పిమ్మట చూచినది. మనము సైతము పిమ్మటనే చూడవలెనా?

నేలను త్రవ్వకయే లోపల నున్నదానిని తెలిసికొను విద్య భూభౌతిక శాస్త్రము. ఇందు మంత్రతంత్రములు లేవు. వైద్యుడు నాడి చూచి, రొమ్ముపై తట్టి, లోపలి రోగమును గ్రహించుటవంటిదే. మొదటిది గురుత్వాకర్షణను కొలుచుట. దట్టమైన శిల బలముగా లాగును. తేలికయైనది తక్కువగా లాగును. లోయను నింపిన ఇసుకరాయి, ఒండ్రు, అడుగున గల గ్రానైటు కంటె తేలిక. కావున లోయ నడుమ ఆకర్షణ పదిలక్షలలో కొన్ని పదుల వంతులు తగ్గును. గ్రావిమీటరు అంతకంటె సూక్ష్మమైన భేదమును సైతము చూపగలదు. లోయకు అడ్డముగా నడచుచు, అడుగడుగున కొలతలు గైకొని వానిని గీతగా గీచినచో, గీత మెల్లగా వంగినచోట అడుగురాయి వాలుగా దిగినదనియు, ఒక్కమాఱు దిగినచోట అది తెగి క్రుంగినదనియు ఊహింపవచ్చును. 1901లో హంగరీ దేశీయుడైన ఎయోట్వెష్ పండితుడు, గడ్డకట్టిన బాలటోను సరస్సుపై తన త్రాసు నుంచి, నీటి క్రింద సరస్సు పొడవునకు సమాంతరముగా పోవు నొక భూగర్భరేఖను కనుగొనెను. నూటయిరువది యేండ్ల నాటి విద్య యిది.

రెండవది అయస్కాంతశక్తిని కొలుచుట. అడుగుశిలలలో అయస్కాంతగుణము గల ఖనిజము లుండును. ఒండ్రులో అవి స్వల్పము. విమానమునకు పరికరమును అమర్చి వరుసలుగా ఎగిరినచో, అడవులును వాగులును అడ్డము రాకుండ విశాలప్రదేశము కొద్దికాలములో కొలతకు వచ్చును. మూడవది విద్యుత్పరీక్ష. ఇది మన రైతులకు క్రొత్తగాదు. బోరుబావికి చోటు చూచువారు పొలములో నాలుగు ఇనుప కడ్డీలు పాతి, విద్యుత్తును పంపి, నీరున్నచోటు చెప్పుట వా రెఱుగుదురు. తడిసిన బంకమట్టి విద్యుత్తును సులభముగా పోనిచ్చును, గట్టిరాయి అడ్డగించును. భ్రంశము వెంట రాయి నలిగి, నీరు చేరియుండును గనుక అదియు ఈ పరీక్షకు చిక్కును.

అన్నింటికంటె స్పష్టముగా చూపునది నాల్గవది, ప్రతిధ్వనిపరీక్ష. బావిలోనికి కేకవేసినచో అది అడుగున తగిలి తిరిగివచ్చును గదా! అట్లే నేలను బరువైన యంత్రముతో అదరించియో, గుంటలో మందుసామగ్రి ప్రేల్చియో తరంగములను లోపలికి పంపుదురు. అవి ఒక్కొక్క పొరను తాకి తిరిగి వచ్చుచుండగా, వరుసగా గ్రుచ్చిన జియోఫోనులు ఆ కాలమును వ్రాసికొనును. ఒండ్రులోను మెత్తని శిలలోను తరంగము మెల్లగాను, అడుగు కఠినశిలలో సెకనునకు సుమారు 6 కిలోమీటర్ల వేగముతోను పోవును. ఈ లెక్కలన్నియు చేర్చినచో భూమి యొక్క నిలువుకోత, పుస్తకమును ప్రక్కనుండి చూచినప్పుడు పుటలవలె, పొరలు పొరలుగా కనబడును. పుటలు తెగి దిగిన చోటే భ్రంశము. అంతకంటె విలువైన సంగతి మఱొకటి దీనివలన తేలును. తెగుదల అడుగుపొరలలోనే నిలిచి, పైపొరలు చెక్కుచెదరక పఱచుకొనియున్నచో ఆ భ్రంశము ప్రాచీనము, చిరకాలముగా నిద్రించుచున్నది. నిన్నటి ఒండ్రు సైతము తెగియున్నచో అది మేలుకొనియున్నది. నిద్రించు దానిని, మేలుకొన్న దానిని వేఱుపఱచుటయే గృహస్థునకు గాని ప్రభుత్వమునకు గాని కావలసిన ప్రయోజనము.

ఈ విద్యకు గల హద్దులను దాచుట మాకు సమ్మతము గాదు. ఒకే గురుత్వగీతకు రెండు మూడు విధములైన భూగర్భరూపములు సరిపోవచ్చును. కావున ఒక పరీక్షను మఱొక పరీక్షతో సరిచూడవలెను. పొరలు పైకి క్రిందికి గాక ప్రక్కకు మాత్రమే జరిగినచో గుర్తించుట కష్టము. అనుమానము కలిగినచోట కందకము త్రవ్వి, మట్టిపొరల వయస్సు కట్టి నిశ్చయింపవలెను. ఇక, భూకంపము ఏ దినమున వచ్చునో ఈ పటము చెప్పదు. అది పంచాంగము గాదు. చెప్పగలమనువారిని నమ్మరాదు. కాని, పాము ఎప్పుడు బయటికి వచ్చునో తెలియకున్నను, పుట్ట ఎచ్చటనున్నదో తెలిసిన గృహస్థుడు దాని ప్రక్కను బిడ్డలను పండుకొనబెట్టడు.

మనకు శాస్త్రజ్ఞులు లేరా? హైదరాబాదు నగరముననే జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ 1961 నుండి పనిచేయుచున్నది. 1970 దశకమున కావలినుండి పడమటి సముద్రతీరమున గల ఉడిపి వరకు సుమారు 600 కిలోమీటర్ల రేఖపై మన దేశములో మొట్టమొదటి గంభీర ప్రతిధ్వనిపరీక్ష జరిపినది ఆ సంస్థయే. గోదావరిలోయలో కల్లూరు–పోలవరము రేఖపైనను, పాల్వంచ–నరసాపురము రేఖపైనను చేసిన శోధనల ఫలితములు 1990లో విదేశీయ శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినవి. లోయ క్రింద అడుగుశిల భ్రంశములచే మెట్లు మెట్లుగా తెగియుండుట పండితలోకమునకు తెలిసినదే. ఆ ఎఱుక ఆంగ్లపత్రికలలో నిలిచి, భద్రాచలము, మణుగూరు, రామగుండము, మంథని వాసులకు చేరకుండుటయే కొఱత. పైగా ఆ శోధనలు మహాశిలాతలమును తెలిసికొనుటకై దూరదూరమున గీచిన రేఖలు. ఒక పట్టణమునకు, ఒక పాఠశాలకు పనికివచ్చునంత దగ్గఱ కొలతలు గావు.

దగ్గఱ కొలతలు సైతము కొంతవఱకు మన చేతనే యున్నవని మా వాదము. బొగ్గుగనిలో దిగిన కార్మికునకు భ్రంశమన్న నేమో ఎవరును బోధింపనక్కఱలేదు. త్రవ్వుచుండగా బొగ్గుపొర హఠాత్తుగా తెగిపోవును. దానిని మీదనో క్రిందనో వెదకవలసియుండును. గనివారు బొగ్గుకై వేసిన బోరులును, గీచిన గనిపటములును లోయలోని భ్రంశములకు పెద్ద పట్టికవంటివి. దిగువన కోనసీమలోను, కృష్ణా గోదావరి మండలములలోను చమురు, వాయువుల కొఱకు చేయు పరీక్షలను రైతులు తమ పొలములలోనే చూచియున్నారు. తీగెలు పఱచుట, గుంటలు త్రవ్వుట, నేల అదరుట వారెఱుగుదురు. అమెరికాలో లాస్ ఏంజెలిసు నగరము క్రింద దాగిన పెద్ద భ్రంశమును 1999లో ఇద్దఱు శాస్త్రజ్ఞులు స్పష్టముగా చిత్రించుట, చమురు కంపెనీలు తమ వ్యాపారమునకై చేసికొన్న ప్రతిధ్వనిపరీక్షల వలననే సాధ్యమైనది. చమురున్నచోటు రహస్యముగా నుంచుకొనుడు, అది వ్యాపారము. పగులున్నచోటు రహస్యముగా నుంచుటకు ఎవరికిని హక్కు లేదు. ప్రజల నేలను కొలిచి సంపాదించిన జ్ఞానములో ప్రజలకు భాగము కలదు.

ఇచ్చట మా పాఠకులలో కొందఱు స్థలయజమానుల శంక మాకు వినబడుచున్నది. “పటమున మా సర్వే నంబరు మీదుగా గీత పడినచో మా భూమి నెవరు కొందురు? అప్పు ఎవరిత్తురు?” ఈ భయము అర్థవంతమైనదే, దీనిని పరిహసింపరాదు. కాని ఆలోచింపుడు. గీత గీచినందువలన పగులు పుట్టదు. గీయనందువలన అది పోదు. తెలిసి అమ్మినవాడు కొన్నవానికి ద్రోహము చేసినవాడగును. తెలియక కొన్నవాడు తన సంతానమునకు ద్రోహము చేసికొన్నవాడగును. కాలిఫోర్నియా రాష్ట్రమున 1971 ఫిబ్రవరి 9వ తేదీన శాన్ ఫెర్నాండో భూకంపము సంభవించిన మఱుసటి సంవత్సరమే, ఆల్‌క్విస్టు–ప్రియోలో చట్టము చేయబడినది. మేలుకొన్న భ్రంశముల చుట్టు పట్టీలు గీచి, అందు ఇల్లు కట్టుటకు ముందు భూగర్భపరీక్ష జరుపవలెననియు, భ్రంశముపైననే నివాసగృహములు కట్టరాదనియు, అమ్మువాడు కొనువానికి ఆ సంగతి తెలుపవలెననియు విధించిరి. అందువలన ఆ రాష్ట్రమున భూములు పాడుపడిపోలేదు. గీత పడిన స్థలమున తోట వేయవచ్చును, పైరు పండింపవచ్చును, ఆటస్థలము చేయవచ్చును. బడి, ఆసుపత్రి, అంతస్తుల భవనము మాత్రము ప్రక్కకు జరుపవలెను. సేద్యమునకు భ్రంశము శత్రువు గాదు.

వ్యయమును గూర్చిన ఆక్షేపణకు ప్రత్యుత్తర మింకను సులభము. లోయలో ఆనకట్టలు, విద్యుత్కేంద్రములు, వంతెనలు వేలకోట్లతో లేచుచున్నవి. రెండేండ్లకొకమాఱు మేడారమున సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షోపలక్షల జనులు చేరుదురు. ఇంతటి ధనమును, ఇంతటి జనమును మోయు నేలను కొలిచి చూచుటకు అందులో స్వల్పభాగము చాలును. ఖనిజములు వెదకుటకై భూగర్భశాఖవారు 2017లో విమానపరీక్షలను విస్తారముగా ఆరంభించిరి. ఖనిజముకై ఎగిరిన విమానము ప్రాణముకై ఎగురుటకు అభ్యంతర మేమి?

కావున రెండు తెలుగు ప్రభుత్వములను, కేంద్రప్రభుత్వమును మేము కోరునవి నాలుగు. గనులవారి, చమురుసంస్థలవారి, భూగర్భశాఖవారి, పరిశోధనసంస్థవారి దగ్గఱ నున్న కొలతల నన్నింటిని ఒకచోట చేర్చి, గోదావరిలోయ భ్రంశపటమును సిద్ధము చేయవలెను. కొఱత పడినచోట్ల, ముఖ్యముగా పట్టణములు, ఆనకట్టల సమీపమున, క్రొత్త పరీక్షలు జరుపవలెను. చిన్న చిన్న కంపములను సైతము వ్రాసికొను పరికరములను లోయ పొడవునను శాశ్వతముగా నుంచవలెను. పటమును సర్వే నంబర్లతో సహా తెలుగున అచ్చొత్తించి ప్రతి మండల కచేరీలోను వ్రేలాడదీయవలెను. దానిని చూడకుండ బడికిగాని ఆసుపత్రికిగాని అంతస్తుల భవనమునకుగాని అనుమతి నీయరాదు. పరీక్షకై పొలములో దిగినప్పుడు నష్టపడిన పైరునకు, తెగిన గట్టునకు జాప్యములేక పరిహార మిచ్చుట వారి విధి. కొలుచువారిని పొలములోనికి రానిచ్చుట మన విధి.

1969లో భద్రాచలము ఒకమాఱు తట్టి చెప్పినది. 2024లో ములుగు మఱల తట్టి చెప్పినది. రెండు మాఱులును మనము తప్పించుకొంటిమి. కిల్లారి వారికి అట్టి యవకాశము లభింపలేదు. భూమాత ఓర్పును మన హక్కుగా నెంచుకొనక, ఆమె గర్భమున నేమున్నదో వినయముతో తెలిసికొని, తెలిసినదానిని ప్రజల భాషలో ప్రజల ముందుంచుట ప్రభుత్వముల కర్తవ్యము. ఆ కర్తవ్యమును జ్ఞప్తికి తెచ్చుట ప్రజల కర్తవ్యము. వచ్చు శాసనసభాసమావేశములలో ఈ విషయమును తమ ప్రతినిధులచే ప్రస్తావింపజేయుదురని లోయవాసులైన పాఠకులను కోరుచున్నాము.